‘ఒకనికొకడు’ అన్న మాట దగ్గర ఆగండి

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా అత్తకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నరైంది. కుడిపక్క పడిపోయింది, మాట సరిగా రాదు. స్నానం, తిండి, గుడ్డలు మార్చడం అంతా నేనే. జాకెట్లు కుట్టేదాన్ని, మానేశాను. ఆయన పొద్దున ప్రొద్దుటూరుకు పనికి పోతే రాత్రికే రావడం. ఆడబిడ్డ బెంగళూరు నుంచి ఫోన్ చేసి ‘బాగా చూసుకో వదినా’ అంటుంది. చర్చి సంఘంలో నన్ను లేపి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పిస్తారు. మొన్న బైబిల్లో గలతీయుల పత్రిక చెబుతూ ‘క్రీస్తు మనల్ని స్వతంత్రుల్ని చేశాడు’ అంటే నాకు ఏడుపొచ్చింది. నిన్న సంగటి గిన్నె విసిరికొట్టాను. యాష్టకొచ్చింది. అసలు నేను విశ్వాసినేనా?

జవాబు: అమ్మా, ఆ చివరి ప్రశ్న పక్కన పెట్టండి. ఏడాదిన్నరగా ఒంటిచేత్తో మోస్తున్న మనిషికి ఒకరోజు చెయ్యి విసురుగా లేచింది. అయితే మాట రాకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. ఈరోజే మంచం పక్కన కూర్చుని ‘అత్తా, తప్పయింది’ అనండి.

నేను పాస్టర్‌ను కాను. అయినా మీ ఉత్తరం చూశాక ఆ పత్రిక మళ్లీ తీశాను. సున్నతి పొందితేనే దేవుడు ఒప్పుకుంటాడని గలతీయులను కొందరు కంగారు పెడుతుంటే, అక్కర్లేదని పౌలు గట్టిగా రాసిన ఉత్తరమది. స్వాతంత్ర్యమంటే ముందు ఆ భయం పోవడం. అత్తను కడిగి తుడిస్తేనే దేవుడి దగ్గర మార్కులు పడతాయన్న భయం మీకుంటే దాన్ని వదిలేయండి. ఆ తర్వాత వస్తుంది 5వ అధ్యాయం 13వ వచనం: ‘ప్రేమ కలిగినవారై యొకనికొకడు దాసులైయుండుడి’. మనవాళ్లంతా ‘దాసులు’ అన్న మాట పట్టుకుంటారు, అదీ కోడలి విషయంలోనే! నేను ‘ఒకనికొకడు’ దగ్గర ఆగాను. మీ ఇంట్లో దాసి ఒక్కరే ఉన్నారు. మిగతావాళ్లు మెచ్చుకుంటున్నారు.

చట్టం సంగతీ వినండి. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో ‘పిల్లలు’ అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. అందులో కోడలు లేదు. కేసు పెట్టమని కాదు, మీ ఆయనతో మాట్లాడేటప్పుడు తెలిసుంటే మంచిదని. మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. రాత్రిపూట ఆ పని కొడుకు చెయ్యాలి. ఆదివారాలు స్నానం కూడా. తల్లికి తాను ఎలా చెయ్యాలని సిగ్గుపడతాడు. చిన్నప్పుడు ఆమె సిగ్గుపడి ఉంటే? ఆడబిడ్డతో మాత్రం మీరు మాట్లాడొద్దు, ఆయన్నే మాట్లాడనివ్వండి. డబ్బో, సెలవుల్లో పది రోజులో, ఏదో ఒకటి తేల్చి చెప్పమనండి.

ఇంకొకటి, రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసాలో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఆమెకు వస్తున్నది మామూలు 4,000 అయితే వైకల్యం ఎంతుందో చూపే సదరం సర్టిఫికెట్ గురించి మీ ఊరి సచివాలయంలో అడగండి. మంజూరైతే పూట పనికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు.

ఇదంతా మీ వైపు నుంచి. ఆమె వైపు నుంచీ ఒక మాట. ఇన్నాళ్లు ఇల్లు నడిపిన ఆడమనిషి ఇప్పుడు కోడలి చేత గుడ్డలు మార్పించుకుంటోంది. శిష్యుల కాళ్లు కడగడానికి యేసు తువాలు కట్టుకుని వస్తే, శిష్యుడైన పేతురే నా కాళ్లు కడగొద్దన్నాడు కదా, చేయించుకోవడం అంత కష్టం. ఎడమచెయ్యి బాగుందంటే ఒక చేటలో శనగవిత్తనాలు పోసి ముందు పెట్టండి, పుచ్చులు ఏరుతుంది. ఒకపూట పని ఒక వారం పట్టనీ. ‘ఒకనికొకడు’లో ఆమె కూడా ఉంది.

ఈసారి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, ‘బుధవారం మధ్యాహ్నం మూడు గంటలు మా అత్త దగ్గర ఎవరు కూర్చుంటారు?’ అని అడగండి. స్త్రీల కూడికలో ఇద్దరైనా చెయ్యెత్తుతారని నా నమ్మకం. ఎత్తకపోతే పాస్టరమ్మ దగ్గరకు వెళ్లి అదే మాట అడగండి.

ఆ మూడు గంటలు జాకెట్లు కుట్టండి. కుట్టుమిషన్ అత్త గదిలో మాత్రం పెట్టుకోవద్దు. వసారాలో పెట్టుకోండి.