షుగర్ తగ్గడానికి క్రోమియం బిళ్లలు వాడొచ్చా?

విశాఖ మందుల షాపుల్లో షుగర్ కోసమని అడిగి కొనే 200 మైక్రోగ్రాముల క్రోమియం పికోలినేట్ బిళ్ల (క్రోమియం అనే ఖనిజం ఉన్న బిళ్ల) చాలామందికి అనవసరం.

క్రోమియం ఇన్సులిన్‌కు తోడ్పడుతుందన్న మాట 1970ల్లో బలపడింది. దీర్ఘకాలం నరం ద్వారానే పోషణ పొందిన కొందరు రోగుల్లో పెరిగిన చక్కెర, క్రోమియం ఇచ్చాక అదుపులోకి వచ్చింది. నోటితో మామూలుగా తినేవాళ్లలో క్రోమియం లోపం కనబడదు. 2014లో యూరప్ ఆహార భద్రతా సంస్థ అయితే ఇది అత్యావశ్యక పోషకమనడానికే ఆధారాలు చాలవంది.

అమెరికా లెక్క (2001) ప్రకారం 50 ఏళ్లలోపు మగవారికి రోజుకు 35, ఆడవారికి 25 మైక్రోగ్రాములు చాలు. తిన్న క్రోమియంలో పేగులు పీల్చుకునేది రెండున్నర శాతంలోపే. ముడిధాన్యాలు, గింజలు, మాంసంలో కొద్దికొద్దిగా ఉంటుంది. పాలిష్ పడితే తగ్గుతుంది. స్టీలు గిన్నెలో చింతపండు పులుసు కాచినా గిన్నెలోని క్రోమియం కాస్త పులుసులోకి దిగుతుంది, అది ప్రమాదమేమీ కాదు.

అయినా వేసుకుంటామంటే: థైరాయిడ్ మాత్రకు, దీనికి మూడు నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికి షుగర్ మరీ పడిపోవచ్చు. కిడ్నీ, లివర్ జబ్బులుంటే దీని జోలికే వెళ్లొద్దు.

పరిశ్రమల కాలుష్యంలో వినబడే క్రోమియం-6 వేరు. అది క్యాన్సర్ కారకం. తిండిలో, బిళ్లల్లో ఉండేది క్రోమియం-3.