టేపు మీద సినిమా తీయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీవు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. 1993 నాటి ఒక ఇంటి కథను నలభై నిమిషాల సినిమాగా, అదీ నిజమైన వీహెచ్‌ఎస్ (పాత వీడియో క్యాసెట్) కెమెరాతోనే తీయాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. కాకినాడ చుట్టుపక్కల పెళ్లిళ్లకు పదిహేనేళ్లు ఆ కెమెరానే భుజాన మోసినవాణ్ని కనుక, నాకు తెలిసినదేదీ దాచుకోకుండా రాస్తున్నాను.

ముందు స్క్రిప్టు సంగతే చెప్పాలి. నీవు రాసిన దృశ్యాల్లో సగం ఈ టేపు కంటికి ఆననివి. వీహెచ్‌ఎస్ బొమ్మలో అడ్డంగా లెక్కిస్తే సుమారు 240 గీతల వివరమే నిలుస్తుంది, రంగుల విషయంలో అది ఇంకా చాలా తక్కువ. పొలం గట్టు మీద దూరంగా నడిచివెళ్లే తండ్రి ముఖంలో బాధ కనిపించాలని రాశావు. అంత దూరాన ముఖమే ఉండదు, ఒక మచ్చ మాత్రం కదులుతుంది. అదే తండ్రిని గుమ్మంలో కూర్చోబెట్టి, కిటికీ వెలుగు చెంప మీద పడేలా దగ్గర నుంచి తీస్తే ఆ ముఖం ఎంత మెత్తగా, ఎంత దయగా వస్తుందో నీవే చూస్తావు. పాతకాలపు రూపు ఒక్కటే కావాలంటే దాన్ని కంప్యూటర్‌లో అద్దుకోవచ్చు, ఇంత శ్రమ అక్కరలేదు. టేపును ఎంచుకున్నాక మాత్రం కథను ముఖాలు, చేతులు, గదులు, గొంతులుగా తిరిగి రాసుకోవాలి. నా మాట మీద గౌరవం ఉంటే, కెమెరా కొనకముందే ఈ పని పూర్తిచెయ్యి.

రంగుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఈ టేపు మీద ఎరుపు తన హద్దులో ఉండదు, పక్కకు పొంగిపోతుంది. పెళ్లికూతురి ఎర్రపట్టు చీర అంచు ఆమె చేతిని మింగేయడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నీ కథలో తల్లికి ఎర్రచీర రాశావు, దాన్ని ముదురాకుపచ్చకో ఆవపిండి రంగుకో మార్చు. సన్నగళ్ల చొక్కాలు, సన్నచారల చీరలు వద్దు, వాటి మీద లేని రంగులు మెరుస్తూ పాకుతాయి. తెల్లసున్నం గోడ మీద ఎండ పడితే గోడ మొత్తం తెల్లగా పేలిపోతుంది, తర్వాత ఎవరూ దాన్ని బాగుచేయలేరు. కనుక బయటి దృశ్యాలను తొమ్మిదిలోపు, నాలుగు తర్వాత పెట్టుకో. పేర్లు కూడా చేతితోనే రాయించు. నా మొదటి పెళ్లి క్యాసెట్లో "శ్రీరస్తు" అని సన్నని అక్షరాలతో రాయిస్తే, స కింది తవత్తు, దాని కొమ్ము కలిసిపోయి ఒక ముద్దగా కనిపించాయి. మన లిపికి వత్తులున్నాయి, గుడులున్నాయి. వాటికి చోటు కావాలి. నల్ల అట్ట మీద మీగడ రంగుతో, లావు కుంచెతో, తెరకు రెండు వరుసలకు మించకుండా రాయించు.

ఇక కెమెరా. ఆ క్యాసెట్లను ఆడించే వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా నిలిచిన ఫునాయ్ కంపెనీ కూడా 2016 జూలైలో ఆపేసింది, కాబట్టి నీకు దొరికేదంతా పాతదే. లోపలి రబ్బరు బెల్టులు సాగి ఉంటాయి, కెపాసిటర్ల నుంచి ద్రవం కారి బోర్డును తినేసి ఉండవచ్చు. ఊరికే ఆన్ చేసి చూసి డబ్బు ఇవ్వకు. అరగంట రికార్డు చేసి, ఆ క్యాసెట్‌ను వేరొక వీసీఆర్‌లో వేసి చూడు. తన టేపును తానే సరిగా ఆడించుకుని, ఇతర మిషన్లలో గీతలు కొట్టే కెమెరాలు చాలా ఉంటాయి. అమెరికా నుంచి చవకగా తెప్పిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అది అక్కడి టీవీల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది, సెకనుకు దాదాపు 60 ఫీల్డులు, అంటే సగం సగం బొమ్మలు తీస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మన ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ అదురుతూనే ఉంటుంది. మన టీవీల పాల్ పద్ధతి కెమెరా సెకనుకు 50 తీస్తుంది కనుక దానికి ఆ బాధ లేదు. వీలైతే రెండు కెమెరాలు కొను, రెండోది విడిభాగాలకు పనికొస్తుంది.

టేపు మీద బొమ్మను రాసే, చదివే హెడ్లను శుభ్రం చేయడం నీవే నేర్చుకోవాలి. పాల్ వీహెచ్‌ఎస్‌లో డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది, దాని అంచున ఉండే హెడ్లు గోటి తాకిడికి కూడా విరుగుతాయి. చెవిలో పెట్టుకునే దూదిపుల్లలు దగ్గరకు రానీయకు. మెత్తని షామీ తోలు తొడిగిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేతి వేలితో డ్రమ్ము పైభాగాన్ని మెల్లగా తిప్పాలి. పుల్లను పైకీ కిందికీ రుద్దావో, హెడ్డు పోయినట్టే. ఆరిన తర్వాతే క్యాసెట్ పెట్టు. క్యాసెట్ కిటికీలోంచి టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని కెమెరాలో పెట్టనే పెట్టకు, ఆ బూజు హెడ్లకు అంటి తరువాతి క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. సముద్రపు ఊళ్లలో ఈ పీడ మరీ ఎక్కువ.

తేమ గురించి ఒక మాట, ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. ఒక మాఘమాసం తెల్లవారుజామున ముహూర్తం. ఏసీ గదిలో పడుకుని, లేచి, కెమెరాను నేరుగా పందిట్లోకి తెచ్చాను. చల్లని డ్రమ్ము మీద గాలిలోని తడి పేరుకుని, "డ్యూ" అని చూపించి కెమెరా ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి మాంగల్యధారణ అయిపోయింది. ఆ తండ్రి నన్నేమీ అనలేదు, కానీ ఆయన కూతురి పెళ్లి క్యాసెట్లో ఆ క్షణం ఈనాటికీ లేదు. షూటింగుకు గంట ముందే కెమెరాను పెట్టెతో సహా ఆ చోటికి చేర్చి, బయటి వేడికి అలవాటు కానివ్వు.

షూటింగులో ఎప్పుడూ ఎస్‌పీ (మామూలు) వేగంలోనే తియ్యి. కొత్త టేపునైనా ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, మొదటి రెండు నిమిషాలు వదిలెయ్యి. రికార్డు నొక్కాక పది లెక్కపెట్టి అప్పుడు "యాక్షన్" అను. మళ్లీ మొదలైనప్పుడు కెమెరా కొంచెం వెనక్కి వచ్చి ముందు షాటు తోకను తినేస్తుంది కాబట్టి, షాటు చివర కూడా కొన్ని క్షణాలు వదిలిపెట్టు. పాజ్‌లో ఉంచి నటులకు చెబుతూ కూర్చోవద్దు, అలా ఉన్నంతసేపూ హెడ్లు టేపులో ఒకేచోటును అరగదీస్తుంటాయి. వ్యూఫైండర్ నలుపు తెలుపు కనుక వెంట చిన్న పిక్చర్‌ట్యూబు టీవీ పెట్టుకో. వెలుగు మారిన ప్రతిసారీ తెల్లకాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ చెయ్యి.

మాటలను మాత్రం కెమెరాకు వదలొద్దు. దాని మైకు అందరూ మౌనంగా ఉన్నప్పుడు ఫ్యాను హోరునూ మోటారు గరగరనూ పైకి లాగుతుంది, నీ కథలోనేమో మౌనాలే ఎక్కువ. వేరే డిజిటల్ రికార్డరు పెట్టి, తర్వాత మాటను బొమ్మతో కలపడానికి ప్రతి షాటుకూ చప్పట్లు కొట్టించు. టేపు వేగం కచ్చితంగా ఉండదు కనుక షాట్లు రెండు మూడు నిమిషాలు దాటితే మాటకూ పెదవికీ తేడా వస్తుంది.

ఆ రోజు తీసిన క్యాసెట్ వెనుక అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కను ఆ రాత్రే విరిచెయ్యి, ఇక దాని మీద ఎవరూ పొరపాటున రికార్డు చేయలేరు. ఎడిటింగు కోసం మాస్టరును, అంటే అసలు టేపును పదేపదే తిప్పకుండా, బొమ్మ వణుకును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ద్వారా ఒక్కసారే 720×576లో కంప్యూటర్‌కు ఎక్కించుకో. అలా ఎక్కించడానికి దొరికే చవక యూఎస్‌బీ పరికరాలు ఫ్రేములు వదిలేస్తాయి. బొమ్మను 4:3లోనే ఉంచు, వెడల్పు తెర నింపడానికి ముఖాలను సాగదీస్తే నేను చూడలేను.

నా బీరువాలో సీలు తీయని ఈ-180 (మూడు గంటల) క్యాసెట్లు పదకొండు ఉన్నాయి, వాటిని బియ్యం డబ్బా పక్కన కాకుండా పొడిగా, నిలువుగానే దాచాను. కెమెరా కొన్నాక నీ అరగంట పరీక్ష టేపు తీసుకుని ఒక ఆదివారం రా. నా వీసీఆర్ ఇంకా ఆడుతోంది, ఇద్దరం కూర్చుని చూద్దాం. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.