స్కీయింగ్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరు? స్టెన్‌మార్కా, షిఫ్రినా?

మీ ప్రశ్న: "మికేలా షిఫ్రిన్ వంద రేసులు గెలిచింది కదా, ఇక స్కీయింగ్ చరిత్రలో అందరికంటే గొప్ప ఛాంపియన్ ఆమేనా? స్టెన్‌మార్క్, హిర్షర్ లాంటివాళ్లని ఎక్కడ పెట్టాలి?"

నేను స్కీయింగ్ నిపుణుణ్ణి కాదండీ. ఉద్యోగరీత్యా మ్యూనిక్ వచ్చి ఏడేళ్లయింది. వచ్చిన రెండో చలికాలం టీమ్‌లో వాళ్లందరూ వెళ్తుంటే నేనూ సరదాపడి ఆస్ట్రియాలో నేర్చుకోవడానికి చేరాను. నా బ్యాచ్‌లో మిగతా అందరూ ఐదారేళ్ల పిల్లలు. వాళ్లు బాతుపిల్లల్లా వరసగా జారిపోతుంటే, నేను మాత్రం మలుపు తిరగబోయిన ప్రతిసారీ కూర్చుండిపోయేవాణ్ణి. మూడో రోజు బొటనవేలు బెణికింది, నెల రోజులు టైపింగ్ కూడా కష్టమైంది. కానీ ఆ మూడు రోజుల్లో ఒకటి తెలిసింది: మలుపు తిప్పడం ఒక విద్య, వేగాన్ని తట్టుకోవడం పూర్తిగా ఇంకో విద్య. మీ ప్రశ్నకి జవాబంతా ఇక్కడే ఉంది.

స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లు మలుపుల ఆట. సూపర్-జీ, డౌన్‌హిల్ వేగం ఆట. క్రికెట్‌లో టెస్టులూ, టీ20లూ ఉన్నాయి చూడండి, దాదాపు అలాగే. వరల్డ్ కప్ అంటే ఒక్క టోర్నీ కాదు, చలికాలమంతా ఊరూరా జరిగే రేసుల వరస; అది 1967లో మొదలైంది. గెలుపుల లెక్క అంటే అన్ని రకాల రేసులూ కలిపి వేసిన మొత్తం.

స్వీడన్‌కి చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్ 86 గెలిచాడు: 46 జెయింట్ స్లాలమ్, 40 స్లాలమ్. అంతే, మూడో రకం ఒక్కటి కూడా లేదు. డౌన్‌హిల్ జోలికే దాదాపు వెళ్లలేదు. అయినా ఆయన్ని తక్కువ చేయకండి. 1978-79 సీజన్‌లో జరిగిన పది జెయింట్ స్లాలమ్‌లూ ఆయనే గెలిచాడు, స్లాలమ్‌లతో కలిపి మొత్తం 13. అలాంటి సీజన్‌లో కూడా ఓవరాల్‌లో, అంటే సీజన్ మొత్తం పాయింట్ల పట్టికలో, ఐదో స్థానమే వచ్చింది! అన్ని రకాల్లోనూ కొంతైనా పాయింట్లు తెచ్చుకునేవాళ్లకి అనుకూలంగా లెక్కింపు మార్చారు మరి. నన్నడిగితే అది అన్యాయమే.

అమెరికాకి చెందిన షిఫ్రిన్ 2023 మార్చిలో 87వ గెలుపుతో ఆయన్ని దాటింది, అదీ స్వీడన్‌లోని ఓరేలోనే. 2025 ఫిబ్రవరిలో ఇటలీలోని సెస్ట్రియెరేలో వందోది. అంతకు మూడు నెలల ముందే కిల్లింగ్టన్‌లో పడి పొట్టలో గాయమైన మనిషి! అయితే వంద అనే అంకె కన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి: పైన చెప్పిన నాలుగూ, కంబైన్డ్, ప్యారలల్ కలిపి ఆరు రకాల రేసుల్లోనూ గెలిచిన మొదటి మనిషి ఆమె. కాబట్టి ఓటు వేయమంటే నా ఓటు షిఫ్రిన్‌కే. 2022 బీజింగ్‌లో ఒక్క పతకం కూడా రాలేదని కొందరు దెప్పుతారు. ఒలింపిక్స్ నాలుగేళ్లకోసారి వచ్చే రెండు వారాలు, దాన్నిబట్టి కెరీర్ కొలవడం నాకు నచ్చదు.

ఆస్ట్రియా స్కీయర్ హిర్షర్‌ది వేరే లెక్క. 2012 నుంచి 2019 వరకు వరసగా ఎనిమిది ఓవరాల్ టైటిళ్లు, ఏడాదంతా నిలకడ.

ఇదంతా కాగితం మీది. ఒక జనవరిలో ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్ వెళ్లి డౌన్‌హిల్ చూశాక నా బుర్ర కొంచెం మారింది. ఆ ట్రాక్ పేరు ష్ట్రైఫ్. పొడవు 3.3 కిలోమీటర్లు, పైనుంచి కిందికి 860 మీటర్ల ఎత్తు తేడా. టీవీలో మెత్తటి మంచులా కనిపిస్తుంది కానీ, నీళ్లు పట్టించి గట్టిపరచిన ఐసు అది. స్కీ అంచులు దాని మీద గీసుకుపోతుంటే గచ్చు మీద పార గీకినట్టు చప్పుడు. మనిషి కనిపించేలోపే ఆ చప్పుడు వినిపిస్తుంది, మనం తల తిప్పేసరికి వెళ్లిపోయి ఉంటాడు. గంటకి 140 కిలోమీటర్ల దాకా వెళ్తారు. కిందపడిన ఒకతన్ని హెలికాప్టర్‌లో తీసుకెళ్తుంటే అంత గుంపూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నా చేతిలో ఉన్న కాఫీ చల్లారిపోయింది, తాగాలని తోచలేదు.

అక్కడ ఏ ఆస్ట్రియన్‌ని అడిగినా షిఫ్రిన్ పేరు రాదు, ఫ్రాంజ్ క్లామర్ పేరే వస్తుంది. నాతో వచ్చిన కొలీగ్, పెద్దాయన, ఇన్స్‌బ్రుక్ 1976 ఒలింపిక్స్ డౌన్‌హిల్‌ని నిన్న జరిగినట్టు చెప్పాడు. సొంత దేశం, సొంత జనం, వయసు 22, పసుపు సూటు. స్విస్ ఆటగాడు బెర్న్‌హార్డ్ రుస్సీ అప్పటికే మంచి టైం పెట్టేశాడు. క్లామర్ పైభాగంలో వెనకబడ్డాడు, చేతులు గాలిలో కొట్టుకుంటూ ప్రతి మలుపులోనూ పడిపోతాడేమో అన్నట్టు దిగి, 0.33 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ వీడియో చూడండి, రెండు నిమిషాలు కూడా ఉండదు, నాకైతే ఇప్పటికీ టెన్షనే. డౌన్‌హిల్‌లో ఆయన 25 వరల్డ్ కప్ గెలుపులు పురుషుల్లో ఇంకా రికార్డే. అంతటివాణ్ణి 1980 ఒలింపిక్స్‌కి సొంత జట్టే తీసుకోలేదు!

ఇక ఇంకో ఆస్ట్రియన్, హెర్మన్ మాయర్. ఇటుకలు పేర్చే పని చేసినవాడు. 1998 నగానో ఒలింపిక్స్ డౌన్‌హిల్‌లో గాలిలో ఎగిరి, వలలు చీల్చుకుంటూ పడ్డాడు. మూడు రోజులకి సూపర్-జీ స్వర్ణం, ఆ తర్వాత జెయింట్ స్లాలమ్ స్వర్ణం కూడా. 2001లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు పోవాల్సింది. 2003 జనవరిలో తిరిగొచ్చి, అదే నెలలో కిట్స్‌బ్యూల్‌లో సూపర్-జీ గెలిచాడు. బొటనవేలు బెణికితే నెల రోజులు సణిగినవాణ్ణి, ఈయన గురించి ఇంతకన్నా మాట్లాడే అర్హత నాకు లేదు.

కింద కామెంట్‌లో ఒకరు మనవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారు. కశ్మీర్‌కి చెందిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం. చాలామంది మధ్యలోనే పడిపోయిన రోజున రెండు రన్‌లూ పూర్తి చేశాడు. ఆ రేసు ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను, మీటింగ్‌లో ఉన్నట్టు నటిస్తూ.