క్లాస్‌మేట్లందరూ సెటిల్ అయ్యారు, గ్రూపులో నేనేం రాయాలి?

ప్రశ్న: అన్నయ్యా, మాది వరంగల్. మే నెలలో ఇక్కడ అమెరికాలో ఎంబీఏ అయిపోయింది, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) కూడా మొదలైంది. ఉద్యోగం మాత్రం ఇంకా రాలేదు. క్లాస్ వాట్సాప్ గ్రూపు తెరిస్తే ఒకడు కన్సల్టింగ్‌లో చేరాడు, ఒకామె బ్యాంకులో, ఇంకొకడికి పెళ్లి, ఇంకొకడు ఇల్లు కొన్నాడు. చూడలేక మ్యూట్‌లో పెట్టేశాను. అమ్మేమో "నీతో చదివినోళ్లకి వచ్చిందట గదా, నీకెప్పుడు?" అని రోజూ అడుగుతోంది. గ్రూపులో ఏం రాయాలి? అసలు రాయాలా?

జవాబు: రాయాలి తమ్ముడూ, ఈ వారంలోనే రాయాలి. మొహమాటపడేంత టైమ్ నీ దగ్గర లేదు. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఈఏడీ కార్డు, అంటే పని అనుమతి కార్డు మీద వేసిన మొదటి తేదీ నుంచే లెక్క, శని ఆదివారాలు కూడా అందులోకే వస్తాయి. నీ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కింద ఉంటే తర్వాత 24 నెలల పొడిగింపు దొరుకుతుంది, అప్పుడు ఈ పరిమితి మొత్తం మీద 150 రోజులవుతుంది. ఈ మధ్య చాలా ఎంబీఏలు స్టెమ్‌లోకి వచ్చాయి. కాలేజీ ఇచ్చిన నీ ఐ-20 పత్రం మీద కోర్సు ఏ రకమో చెప్పే సీఐపీ కోడ్ ఉంటుంది, అది చూసుకుని డీఎస్ఓని (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అడుగు, సీనియర్లు చెప్పారని నమ్మకు.

ఆ పైన హెచ్-1బీ ఉంది, కంపెనీ తరఫున వచ్చే వర్క్ వీసా. ఏడాదికి 65,000 వీసాలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. రిజిస్ట్రేషన్ మార్చిలో, లాటరీలో ఎంపికైతే ఉద్యోగం అక్టోబర్ 1 నుంచి. అంటే మార్చి నాటికి నీ పేరు రిజిస్టర్ చేసే కంపెనీ ఒకటి చేతిలో ఉండాలి.

ఇదంతా నీకు తెలిసే ఉంటుంది. నీ అమెరికన్ క్లాస్‌మేట్లకి మాత్రం తెలియదు. నువ్వు చప్పుడు చేయకుండా ఉంటే, వేసవి కదా, ఎక్కడో తిరిగొస్తున్నాడులే అనుకుంటారు. కేస్ కాంపిటీషన్‌లో నీ పక్కన కూర్చుని తెల్లవార్లూ స్లైడ్లు చేసినవాడు కూడా, నీకో గడువుందని చెప్తే తప్ప కదలడు. తెలియక ఊరుకుంటాడు, అంతే.

"హాయ్ ఆల్, ఎనీ ఓపెనింగ్స్? ప్లీజ్ హెల్ప్" అని మాత్రం పడేయకు. నలుగురు చేతులు జోడించిన ఎమోజీ పెట్టి వెళ్లిపోతారు. గ్రూపులో మూడు వాక్యాలు చాలు: సప్లై చైన్ అనలిటిక్స్ ఉద్యోగాలు వెతుకుతున్నాను, ఏ ఊరైనా ఫర్వాలేదు, ఫలానా తేదీలోపు చేరాలి. తర్వాత ఒక్కొక్కరికీ విడిగా రాయి. "మీ కంపెనీ షార్లెట్ ఆఫీసులో ఈ పోస్టు పడింది, జాబ్ నంబర్ ఇది, రెజ్యూమె జత చేశాను. నువ్వు రిఫర్ చేస్తావా? నేనింకా అప్లై చేయలేదు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. చాలా కంపెనీల్లో నువ్వే ముందు వెబ్‌సైట్లో అప్లై చేసేస్తే ఆ తర్వాత పెట్టిన రిఫరల్ లెక్కలోకి రాదు. ఇంకో సంగతి, నువ్వు చేరితే రిఫర్ చేసినవాడికి చాలాచోట్ల బోనస్ ఇస్తారు. కాబట్టి అడుక్కుంటున్నానని అనుకోకు. వారం చూసి ఒకసారి గుర్తు చెయ్యి. అప్పటికీ పలక్కపోతే వదిలెయ్.

ఇక మిగతావాళ్ల అప్‌డేట్లు. వాటిని చదవడం కూడా నేర్చుకోవాలి. బ్యాంకులో "వైస్ ప్రెసిడెంట్" అయ్యాడంటే మనూళ్లో కంపెనీకే ఉపాధ్యక్షుడైనట్టు చెప్పుకుంటారు. ఇక్కడి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో ఎంబీఏ చేసినవాడు అసోసియేట్‌గా చేరి, మూడు నాలుగేళ్లకు ఆ మెట్టు ఎక్కుతాడు. ఆ పైన ఇంకా డైరెక్టరు, మేనేజింగ్ డైరెక్టరు ఉంటారు. ప్యాకేజీ అంకె కూడా అంతే. అందులో జాయినింగ్ బోనస్ ఉంటుంది, ఏడాదిలోపు మానేస్తే చాలా కంపెనీలు దాన్ని వెనక్కి తీసుకుంటాయి. షేర్లుంటాయి, అవి మామూలుగా నాలుగేళ్లకు పరుచుకుని వస్తాయి. ఇల్లు కొన్నాడంటే డౌన్ పేమెంట్ కట్టి ముప్పై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకున్నాడని. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మురిసిపోయి వెళ్లినవాళ్లని ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు వచ్చిన రోజు చూడాలి! ప్రొఫైల్లో ఉన్నట్టుండి "ఫౌండర్" అని కనిపిస్తే కొందరు నిజంగానే కంపెనీ పెట్టి ఉంటారు, కొందరు నీలాగే ఉద్యోగం వెతుక్కుంటుంటారు. వాళ్లని కించపరచడానికి చెప్పడం లేదు. నువ్వు చూస్తున్నది పూర్తి లెక్క కాదని చెప్తున్నానంతే.

ఒక హెచ్చరిక. 90 రోజులు దగ్గరపడేకొద్దీ "మా కన్సల్టెన్సీలో పేరు పెట్టేస్తాం, పేస్లిప్పులు రన్ చేస్తాం, అనుభవం ఆరేళ్లని చూపిద్దాం" అనేవాళ్లు ఫోన్ చేస్తారు. చాలామంది మనవాళ్లే, తెలుగులోనే ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు. పని లేకుండా పని ఉన్నట్టు చూపించడం మోసం కిందికే వస్తుంది. అది ఇవాళ బయటపడకపోయినా రేపు వీసా స్టాంపింగ్‌లోనో (కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకునేటప్పుడు), గ్రీన్‌కార్డు దగ్గరో మెడకు చుట్టుకుంటుంది. దానికంటే నిజమైన పని వెతుక్కో. నీ చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు నిజంగా చేస్తుంటే, జీతం లేకపోయినా మొదటి ఓపీటీలో ఉద్యోగం కిందే లెక్క, అయితే కార్మిక చట్టాలకు అడ్డం రాకూడదు. స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని కుదరదు. చేరేముందే డీఎస్ఓతో మాట్లాడు, చేరాక వివరాలు రిపోర్ట్ చెయ్యి.

అమ్మకి ఈ తేదీలు, లాటరీ సంగతి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పు. ఏమీ చెప్పకపోతే పక్కింటివాళ్లు చెప్పిందే నిజమనుకుంటుంది. రోజూ అడగొద్దమ్మా, ఇంటర్వ్యూ ఉన్న వారం నేనే చెప్తా అంటే ఊరుకుంటుంది. ఊరుకోకపోయినా టెన్షన్ కొంచెం తగ్గుతుంది.

ఉద్యోగం వచ్చాక కూడా గ్రూపులో ఉండు. రేపు మీలో ఎవరికో లేఆఫ్ వస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాడైతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి మామూలుగా 60 రోజుల గడువే. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అంతకంటే ముందే ముగుస్తుంటే అదీ ఉండదు. అలాంటివాడికి గ్రూపులో "స్టే స్ట్రాంగ్" అని పెట్టి ఊరుకోకు. ఫోన్ చేసి చివరి పనిరోజు ఎప్పుడో, ఏ ఉద్యోగాలు చూస్తున్నాడో అడిగి, మీ కంపెనీలో ఉన్నవి ఆ పూటే పంపించు. ఎవరి నాన్నో పోయి, వీసా స్టాంపింగ్ భయంతో ఇండియా వెళ్లాలా వద్దా అని నలిగిపోతుంటే అప్పుడూ ఫోనే చెయ్యి, దగ్గర్లో ఉంటే ఇంటికి వెళ్లు. పెళ్లిళ్లకీ పిల్లలకీ గ్రూపులో ఒక ఎమోజీ చాలు.