దొంగ ముందు సీసం, వెండి

గత నెల నాణేల సేకరణ గురించిన ఈ శీర్షికలో మా ఇంట్లో ఒకసారి దొంగ పడిన సంగతి ఒకే ఒక్క వాక్యంలో రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు శాతవాహనుల నాణేల గురించి ఎంత రాసినా రాలేదు. అందుకే "ఇది ఏ నాణెం?" అనే గుర్తింపు ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి దొంగల ప్రశ్నలే తీసుకుంటున్నాను.

"అర్ధరాత్రి దొంగ ఇంట్లోకి చొరబడితే కలెక్టర్లు ఏం చేయాలి?" – ఒక పాఠకుడు, కాకినాడ

మొదట జిల్లా కలెక్టరు గురించి అడుగుతున్నారనుకున్నాను. ఆయన బంగళా దగ్గర కాపలా ఉంటుంది, మన దగ్గర ఉండదు. ఆ కలెక్టరుతో మనకు పని పడేది ఒక్కచోటే. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైన పాత నిధి దొరికితే ఆయనకు తెలియజేయాలి. ఇక మనలాంటి సేకరణ పిచ్చివాళ్ల సంగతి.

2008 శ్రావణంలో ఒక రాత్రి, కరెంటు లేదు, వాన పడుతోంది. రెండున్నర ప్రాంతంలో వెనక గదిలో గాజు పలక నేలకు తగిలిన చప్పుడైంది. స్నానాల గది వెంటిలేటరు పలకలు ఒక్కొక్కటే ఊడదీసి గోడవారగా పేర్చుకుంటూ లోపలికి వచ్చాడని తెల్లవారాక తెలిసింది. నేను లేచి కళ్లజోడు కోసం తడుముకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా మనసులో ఉన్నది పిల్లలు కాదు, ఆల్బములు. తలుపు దగ్గరికి వెళ్లబోతే మా ఆవిడ నా లుంగీ అంచు పట్టుకుని వెనక్కి లాగింది. మా గది గడియ పెట్టి, వీధి వైపు కిటికీ తెరిచి, ఎదురింటి మాస్టారిని పేరు పెట్టి కేకేసింది. "దొంగ, దొంగ" అని అరవలేదు. అలా అరిస్తే ఎవరూ తలుపు తీయరట, పేరు పెట్టి పిలిస్తే ఆ మనిషికి రాక తప్పదట. రెండు టార్చిలైట్లు వెలిగేసరికి వాడు పెరటి గోడ దూకాడు.

మీరు చేయవలసినదీ అంతే. గడియ వేసుకోండి, 112కు ఫోను చేయండి, కేకలు వేయండి, వాడు పారిపోవడానికి దారి వదిలేయండి. ఎదురు తిరిగే హక్కు మనకు లేదని కాదు. భారతీయ న్యాయ సంహితలో 41వ సెక్షను చదివితే, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంట్లోకి చొరబడినవాడిపై ఆత్మరక్షణ హక్కు ప్రాణం తీసేదాకా కూడా పోవచ్చని ఉంటుంది. అదే సంహితలో 37వ సెక్షను అవసరానికి మించి హాని చేయకూడదనీ అంటుంది. ఎంత అవసరమో ఆ చీకట్లో, లుంగీ సర్దుకుంటూ, కళ్లజోడు లేకుండా తేల్చుకోగల వాళ్లు ఉంటే నాకు ఉత్తరం రాయండి. గోడ దూకి పోతున్నవాణ్ణి వెంటాడి తల పగలగొడితే మాత్రం కోర్టు మెట్లెక్కేది వాడు కాదు, మీరు.

"మీ నాణేలు దొరికాయా?" – ముగ్గురు పాఠకులు

వాడు పట్టుకుపోయింది ఒక పాత బిస్కెట్ల డబ్బా. అందులో ముప్పై ఎనిమిది వెండి రూపాయలు, ముప్పై బ్రిటిషువి, ఎనిమిది హైదరాబాదు చార్మినార్ రూపాయలు. మొత్తం తూకం నాలుగు వందల నలభై గ్రాములు దాటదు. బల్ల మీద తెరిచి ఉన్న శాతవాహన ఆల్బము నుంచి ఒక నాణెం బయటికి తీసి, గోటితో గీకి చూసి, సీసమని నేలమీద పడేశాడు. నాణెం మీది ఏనుగు తొండం పక్కన ఆ గీత ఇప్పటికీ ఉంది. పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా మట్టిలో ఉన్నా పడని గాటు మా ఇంటికొచ్చాక పడింది.

స్టేషనులో "పాత వెండి రూపాయలు, సుమారు నలభై" అని రాసిచ్చాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో కట్టలు లెక్కపెట్టినవాణ్ణి, నా సొంత నాణేలకు "సుమారు" అని రాశాను. మూడు నెలలకు పక్క ఊరి నగల దుకాణంలో పదకొండు రూపాయలు పట్టుబడ్డాయని కబురొచ్చింది. గుడ్డ మీద వరసగా పరిచి "ఇవి మీవేనా?" అని అడిగారు. కోట్ల సంఖ్యలో ముద్రించిన రూపాయలవి. ఏది నాదో ఎలా చెప్పను?

ఒక్కటి మాత్రం చెప్పగలిగాను. 1840 విక్టోరియా రూపాయి, రాణి చెంప మీద షరాబు (నాణేలు పరీక్షించే వర్తకుడు) కొట్టిన చిన్న చంద్రవంక గుర్తు. దొంగ పడకముందే ఒకసారి ఆ నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఒక పోస్టుకార్డుకు అంటించి వరంగల్లులోని మిత్రుడికి పంపాను. ఆయన ఏ కాగితమూ పారేయని మనిషి. తపాలా ముద్రతో, తేదీతో ఆ కార్డు ఇంకా ఆయన దగ్గర ఉంది. కోర్టు నుంచి నా చేతికి వచ్చింది ఆ ఒక్క రూపాయే. మిగతా పది నావో కాదో ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను.

"నాణేల మీద కనపడని గుర్తు పెట్టుకుంటే మంచిది కదా?" – ఒక ఉపాధ్యాయిని, తెనాలి

వద్దమ్మా. మీరు పెట్టే గుర్తుకు, ఆ దొంగ గోటి గీతకు తేడా లేదు. ప్రతి నాణేనికీ దాని గుర్తు దానికి ముందే ఉంటుంది. అచ్చు పక్కకు జరగడం, అంచు మీద దెబ్బ, షరాబు ముద్ర, అన్నీ గుర్తులే. రెండు వైపులా ఫోటో తీయండి, గ్రాములో వందో వంతు దాకా తూచి పక్కన రాయండి. పెన్సిలు రుద్దడం కూడా వద్దు, అది నా తెలియనితనం.

తపాలా బిళ్లల లోకంలో దీనికి గొప్ప కథ ఉంది. అమెరికాలో 1918లో విమానం బొమ్మ తలకిందులుగా పడిన బిళ్లలు ఒకే ఒక్క షీటు, వంద మాత్రమే బయటికి వచ్చాయి. అందులో నాలుగు కలిసిన ముక్కను 1955లో వర్జీనియాలో జరిగిన ఒక ప్రదర్శనలో ఎత్తుకుపోయారు. దొంగలు నాలుగింటినీ విడదీశారు. అయినా షీటులో ఏ బిళ్ల ఏ స్థానానిదో బొమ్మ జరుగుదలను బట్టి నిపుణులు పట్టేశారు. మూడు దొరికాయి, మూడోది 2016లో. అరవై ఏళ్లు ఆగినా, ఫోటోలు ఉన్నందుకే అవి ఇంటి దారి పట్టాయి.

"అంత విలువైన నాణేన్ని దొంగ కరిగిస్తాడా? వాడికి తెలియదా?" – ఒక విద్యార్థి, నల్లగొండ

కొందరికి తెలియదు, తెలిసినవాడు ఇంకా తొందరగా కరిగిస్తాడు. 2017 మార్చిలో బెర్లిన్‌లోని బోడె మ్యూజియం నుంచి వంద కిలోల కెనడా బంగారు నాణేన్ని కిటికీలోంచి దింపి, తోపుడు బండి మీద తీసుకుపోయారు. దొంగలకు శిక్ష పడింది, నాణెం మాత్రం కనపడలేదు. 2004లో శాంతినికేతన్‌లో పోయిన రవీంద్రుడి నోబెల్ పతకానిదీ అదే గతి. ఇంత పేరున్నదాన్ని ఎవరు కొంటారు? ముద్దగా మారిస్తే ఎవరైనా కొంటారు.

మన హైదరాబాదులో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో వెంటిలేటరు గుండా తాడుతో దిగి (మళ్లీ వెంటిలేటరే, చూశారా!) రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ క్యారియరు, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. కరిగించేలోపే పోలీసులు పట్టుకున్నారు. వాళ్లలో ఒకడు అందులో అన్నం తిన్నాడని వార్తలు వచ్చాయి. కరిగించలేదు సరికదా, వాడుకున్నాడు! వాడికి సగం క్షమాపణ ఇవ్వాలనిపించింది.

బ్రిటిషు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, 1939 దాకా నూటికి తొంభై రెండు పాళ్లు వెండి. కరిగిస్తే 1938ది అయినా 1939ది అయినా ముద్ద ఒకటే. 1939 రూపాయి ఎంత అరుదో వెండి కరిగించే మూసకు తెలియదు.

"బీరువాకు, కిటికీ ఊచలకు కరెంటు తీగ చుట్టిస్తే?" – ఒక రైతు, మార్కాపురం

చేయకండి. అడవి పందుల కోసం చేలో పెట్టిన తీగకు మనుషులు చచ్చిపోయిన వార్తలు మీకు నాకంటే బాగా తెలుసు. తీగకు ఎవరు దొంగో తెలియదు. తెల్లవారుజామున నీళ్లకు లేచిన మనవడైనా దానికి ఒకటే. ఆత్మరక్షణ హక్కు మనిషి ఎదురుగా ఉన్నప్పటి మాట, ఉచ్చు పన్ని నిద్రపోయినవాడికి అది అక్కరకు రాదు. ఆ డబ్బుతో వెంటిలేటర్లకు ఇనుప చట్రాలు బిగించండి. నేను చేసింది అదే.

"బ్యాంకు లాకరులో పెడితే ఇక బెంగ ఉండదా?" – ఒక గృహిణి, విజయవాడ

సగం బెంగ పోతుంది. రిజర్వు బ్యాంకు 2022 జనవరి నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు దాకా. అద్దె మూడు వేలైతే మూడు లక్షలు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, తెలుసుకోదు. ఇంటి బీమా తీసుకుంటే నాణేలు, బిళ్లలు, పురాతన వస్తువులు విడిగా రాయించారో లేదో చూసుకోండి, రాయించకపోతే సాధారణంగా అవి లెక్కలోకి రావు. తలుపో కిటికీయో పగలగొట్టిన ఆనవాలు లేకపోతే దోపిడీ బీమా కూడా కదలదు. ఇంట్లో తిరిగే మనిషి తాళం చెవితో తీశాడంటే ఇక అంతే.

"భద్రం కోసం నా నాణేలన్నీ డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి పంపేద్దామనుకుంటున్నాను." – ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

1972 నాటి పురావస్తు చట్టం గుర్తుంచుకోండి. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని దేశం దాటించడం నేరం. మీ దొంగ ఇంకా రానే లేదు, మీరు ముందే కేసులో ఇరుక్కుంటారు. మీ ఉత్తరంలో మీ దగ్గర ఎన్ని వరహాలున్నాయో, ఏ అలమరలో ఉన్నాయో కూడా రాశారు. ఆ ఉత్తరం నేను చించేశాను. ఇలాంటి వివరాలు నాకే కాదు, పెళ్లిలో పక్కన కూర్చున్నవాడికీ చెప్పకండి.

"నేను ఏడో తరగతి. నా దగ్గర ఒక డబ్బా నిండా చిల్లర ఉంది. దొంగ ఎత్తుకుపోతాడా?" – ఒక చిన్నారి, అనకాపల్లి

బరువుకు భయపడి వదిలేస్తాడు. కానీ అందులో 1982 ఆసియా క్రీడల రెండు రూపాయలు ఉందని రాశావు చూడు, దాన్ని విడిగా తీసి కాగితం పొట్లంలో పెట్టు. ఒక నోటుబుక్కులో వరస సంఖ్య, సంవత్సరం, సంవత్సరం కింద ఉన్న గుర్తు రాసుకో. నక్షత్రం ఉంటే మన హైదరాబాదు టంకశాల, వజ్రం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. మొదటి పేజీ నిండాక ఫోటో తీసి నాకు పంపు. అందులో నక్షత్రాలు ఎన్నో లెక్కపెట్టి రాయి.