ఏ సంవత్సరం వేయాలి?

ప్రశ్న: మాస్టారూ, ఎం.ఏ. తెలుగులో ‘కన్యాశుల్కం’ మీద ప్రాజెక్టు రాస్తున్నాను. నా దగ్గరున్నది ఈమధ్య అచ్చయిన ప్రతి. ఆధార గ్రంథాలను చూపే ఏపీఏ పద్ధతిలో ఏ సంవత్సరం వేయాలి? రచయిత పేరు ఎలా రాయాలి? గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ముందు మీ ప్రతి తెరిచి, అది ఏ కూర్పు ఆధారంగా వేసిందో చూడండి. ఈ నాటకం విషయంలో అన్నిటికంటే ముఖ్యం అదే. 1897లో వచ్చిన మొదటి కూర్పును గురజాడ బాగా పెంచి, మార్పులు చేసి 1909లో మళ్లీ ప్రచురించారు. రెండో కూర్పులో చేరిన సంభాషణ చూపించి ‘1897లోనే ఇలా రాశారు’ అంటే మీ వాదన అక్కడే కూలిపోతుంది. పరీక్షకులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మీది 1909 పాఠానికి 2015 ముద్రణ అనుకోండి. ఉదాహరించిన వాక్యం చివర (గురజాడ, 1909/2015, పు. 42) అని వేయండి. పేజీ నంబరు మీ చేతిలో ఉన్న ప్రతిదే కావాలి. అంకం సంఖ్య కూడా ఇస్తే వేరే ముద్రణ ఉన్నవాళ్లకూ ఆ చోటు దొరుకుతుంది. నా విద్యార్థులను నేను ఇది తప్పక రాయమంటాను.

చివరి ఆధార గ్రంథాల జాబితాలో ‘గురజాడ, అ.’ చాలు. మన ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి తిరగేయనక్కర్లేదు. ఈ జాబితా తయారుచేసే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఇంటిపేరు గడిలో అప్పారావు పడకుండా చూసుకోండి. ప్రచురణకర్త ఊరు ఏపీఏ నియమావళి ఏడో కూర్పు నుంచి అవసరం లేదు.