డీఎన్‌ఏలో యురాసిల్ ఎందుకుండదు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. ఆర్‌ఎన్‌ఏలో యురాసిల్ ఉంటే, డీఎన్‌ఏలో దాని బదులు థైమిన్ ఎందుకని క్లాసులో అడిగితే "అదంతే, గుర్తుపెట్టుకో" అన్నారట. నిజంగా కారణమేమీ లేదాండీ?
- ఓ తల్లి, తెనాలి

జవాబు: ఉందమ్మా, చాలా గట్టి కారణమే ఉంది. బయోకెమిస్ట్రీ పాఠాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది.

డీఎన్‌ఏ అంటే అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్ అనే నాలుగు అక్షరాలతో రాసిన జంట పోగు అనుకోండి. సైటోసిన్‌కు ఎదురుగా గ్వానిన్, థైమిన్‌కు (లేదా యురాసిల్‌కు) ఎదురుగా అడినిన్ కూర్చుంటాయి. వీటిలో సైటోసిన్‌కు నిలకడ తక్కువ. కణంలోని నీటి వల్లే దాని అమైనో గ్రూపు (నైట్రోజన్ ఉన్న చిన్న భాగం) ఊడి యురాసిల్‌గా మారిపోతుంది. ఒక్కో కణంలో రోజుకు సుమారు 100 చోట్ల ఇలా జరుగుతుంది. సరిచేయకుండా వదిలేస్తే, డీఎన్‌ఏ నకలు తయారయ్యేటప్పుడు గ్వానిన్ రావాల్సిన చోట అడినిన్ వచ్చి కూర్చుంటుంది. అదే మ్యుటేషన్.

మామూలుగానే డీఎన్‌ఏలో యురాసిల్ ఉందనుకోండి. ఏది అసలుదో, ఏది చెడిపోయిన సైటోసినో ఎలా తెలుస్తుంది? బియ్యంలో నల్లరాయిని ఇట్టే ఏరేస్తాం, తెల్లరాయి కంటికి ఆనదు కదా! థైమిన్ అంటే మిథైల్ గ్రూపు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న చిన్న భాగం) తగిలించుకున్న యురాసిలే. ఆ గుర్తు లేని యురాసిల్ కనిపించిందంటే అది ఉండకూడనిదే.

దాన్ని ఏరేసే ఎంజైమ్ యురాసిల్ డీఎన్‌ఏ గ్లైకోసిలేజ్. 1974లో దీన్ని కనిపెట్టిన థామస్ లిండాల్‌కు 2015లో రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. దీని నిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది. యురాసిల్‌ను డీఎన్‌ఏ మెలికలోంచి బయటికి తిప్పి, తనలోని ఇరుకైన గుంటలోకి లాక్కుంటుంది. మన కణాల్లోని ఎంజైమ్‌లో 147వ స్థానంలో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఆ గుంటలో అడ్డంగా ఉంటుంది. థైమిన్ వస్తే దాని మిథైల్ గ్రూపు టైరోసిన్‌కు తగిలి లోపల పట్టదు. ఆ టైరోసిన్ స్థానంలో అంతకన్నా చిన్నదైన అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని పెట్టి పరీక్షిస్తే, ఎంజైమ్ మంచి థైమిన్‌ను కూడా తెంపడం మొదలుపెట్టింది!

యురాసిల్ పోయాక ఖాళీ అయిన చోట మరో ఎంజైమ్ పోగును కోస్తుంది, పాలిమరేజ్ సరైన సైటోసిన్‌ను చేరుస్తుంది, లైగేజ్ అతుకు వేస్తుంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అయితే కొద్దిసేపు పనిచేసి పోయేదే, దానికి ఇంత కాపలా అక్కర్లేదు.

మీ అమ్మాయికి ఇంకోటి కూడా చెప్పండి. మన డీఎన్‌ఏలో కొన్ని సైటోసిన్లకు ముందే మిథైల్ గ్రూపు ఉంటుంది. వాటి అమైనో గ్రూపు ఊడితే నేరుగా థైమినే వస్తుంది, ఈ ఎంజైమ్‌కు చిక్కదు. దాన్ని పట్టుకోవడానికి వేరే ఎంజైములున్నా, కొన్ని తప్పిపోతాయి. క్యాన్సర్లలో, కణాన్ని క్యాన్సర్ బారిన పడకుండా కాపాడే పీ53 జన్యువుకు వచ్చే మార్పుల్లో చాలా వాటికి మూలం అలాంటి చోట్లే.